పచ్చని చాటు

ఇంటి చుట్టూ దట్టమైన పచ్చటి కంచె ఉండాలని ఎవరికి ఉండదు? అది ఆర్నెల్లలోనే కావాలనుకోవడం దగ్గరే చిక్కంతా. నర్సంపేట నేలల్లో ఏ మొక్క నిలుస్తుంది, ఏది కొంప ముంచుతుంది, పొదను అడుగు నుంచే గుబురుగా లేపడం ఎలా?

నర్సంపేట నుంచి పాకాల రోడ్డు పట్టినా, మల్లంపల్లి రోడ్డు పట్టినా కొత్త ఇండ్ల వరుసలే కనిపిస్తాయి. మొన్నమొన్నటిదాకా పత్తి, మక్క పండిన చెలకలు రెండు వందల గజాల ప్లాట్లయ్యాయి. స్లాబు పడి, గృహప్రవేశం అయ్యేసరికి చేతిలో పైసలు అయిపోతాయి. ప్రహరీ నడుమెత్తు దగ్గరే ఆగిపోతుంది. అప్పటినుంచి మొదలవుతుంది ఆ ఇంటి ఆడవాళ్ల అవస్థ. బట్టలు ఆరేసుకోవాలన్నా, తల ఆరబెట్టుకోవాలన్నా, సాయంత్రం వాకిట్లో మంచం వేసుకుని నడుం వాల్చాలన్నా రోడ్డున పోయే ప్రతి చూపూ లోపలికే. గోడ లేపుదామంటే ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి కలిసి మళ్లీ అప్పు. పైగా ఆ గోడ మే నెలలో పగలంతా కాగి రాత్రి దాకా వాకిట్లోకి సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకే ఎక్కువమంది నర్సరీ బాట పడుతున్నారు. అక్కడ ఏళ్ల తరబడి వినిపిస్తున్న మాటలివి.

‘‘అన్నా, జల్ది పెరిగేది ఏదన్న ఉంటె చెప్పు. గోడ లెక్క ఉండాలె.’’

‘‘కోనో తీస్కపో అక్కా. ఆర్నెల్లల్ల మనిషెత్తు లేస్తది. ఆకు రాలది, నీళ్లు తక్కువైనా బతుకుతది.’’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కోనోకార్పస్ నిజంగానే అంత వేగంగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఎండకు వెరవదు. నర్సరీ అతను చెప్పనిది మాత్రం భూమి లోపల జరుగుతుంది.

కంచే చేను మేస్తే

కోనోకార్పస్ మన నేలది కాదు. మన దగ్గర ఎక్కువగా నాటిన రకం పుట్టిల్లు ఎర్రసముద్రం చుట్టుపక్కల సోమాలియా, యెమెన్ తీరాలు. ఉప్పునేలలో, నీళ్లు దొరకని చోట బతకడానికి అలవాటు పడ్డ చెట్టు కాబట్టి దాని వేరు తడిని వెతుక్కుంటూ పోతుంది. ఎడారిలో అది గొప్ప గుణం. రెండు వందల గజాల ప్లాటులో అదే వేరు నల్లా పైపు కీలు దగ్గరికో, మోరీ పగులులోకో, సెప్టిక్ ట్యాంకు వైపో వెళ్తుంది. కువైట్, ఇరాక్ లాంటి చోట్ల పైపులు పగిలాయన్న ఫిర్యాదులు మనకంటే ముందే వచ్చాయి. హరితహారం రోజుల్లో రోడ్ల డివైడర్ల మీద, ఆఫీసుల చుట్టూ వరుసలు వరుసలుగా నాటించిన తెలంగాణ ప్రభుత్వమే 2022లో ఇక ఈ మొక్కను పెంచొద్దని చెప్పింది. 2023లో గుజరాత్ నిషేధం పెట్టింది. పుప్పొడితో ఉబ్బసం, అలర్జీ వస్తాయన్న మాట మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదన ఎటు తేలినా ఇంటి కంచెగా దీన్ని వద్దనడానికి వేర్లు చాలు. ఇంటి కాపలాకు పెట్టుకున్నదే ఇంటి పునాది వైపు చూస్తే అది కంచె ఎలా అవుతుంది?

ఆత్రంతో తెచ్చుకున్న మొక్క చెయ్యి దాటిపోవడం మన దేశానికి కొత్త కాదు. సర్కారు తుమ్మనే చూడండి. వంటచెరకు కరువు తీరుతుందని 1877లో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప ప్రాంతంలో నాటించింది ఆనాటి మద్రాసు అటవీశాఖ. ఈరోజు చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద దాన్ని పీకలేక పంచాయతీలు చేతులెత్తేస్తున్నాయి. అందమైన పూలపొద అని పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చిన లంటానా తోట కంచెగా ఊరూరా తిరిగి చివరికి అడవుల్లో దూరింది. దక్షిణాదిలో నాగజెముడు మరీ మొండిగా వేల ఎకరాలు ఆక్రమిస్తే, 1926లో శ్రీలంక నుంచి ఒక రకం కొచినీల్ పురుగును తెచ్చి వదిలారు. ఆ పురుగు తినేస్తే గానీ భూములు బయటపడలేదు. ఈ జాబితాలో కోనోకార్పస్ నాలుగోది కాకూడదనే ఇంత చెప్పడం.

దడి పోయి కంచె వచ్చె

కంచె అనేది మనవాళ్లకు నర్సరీ నేర్పిన విద్యేమీ కాదు. ప్లాట్లు, ప్రహరీలు రాకముందు నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లో చాటు అంటే దడే. కందులు కొట్టాక మిగిలిన కందికట్టె, పత్తి ఏరడం అయ్యాక పీకిన పత్తికట్టె, తాటి కమ్మలు ఏవి దొరికితే వాటిని నిలబెట్టి, అడ్డంగా వెదురు బద్దలు వేసి, నారతో కట్టేవాళ్లు. ఇంటెనుక ఆ దడి చాటునే ఆడవాళ్ల స్నానాలు. చేనుకైతే తుమ్మకంప, రేగుకంప గుట్టలుగా పరిచేవాళ్లు. ఖర్చు లేదు, కానీ ఆయుష్షూ లేదు. వానకు నానుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది, అడుగున చెదలు పడతాయి. ఏటేటా కొత్త దడి కట్టాల్సిందే.

సరిగ్గా ఇదే చెదల బాధ ఒకప్పుడు తెల్లదొరలకూ వచ్చింది. ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా ఆపాలని పందొమ్మిదో శతాబ్దంలో వాళ్లు సింధు నది నుంచి మహానది దాకా రెండు వేల మైళ్లకు పైగా ఒక కస్టమ్స్ గీత గీసి, దాని వెంట దాదాపు పన్నెండు వేల మందిని కాపలా పెట్టారు. మొదట ముళ్లకంపతో ఎండు కంచె వేశారు. చెదలు తిన్నాయి, నిప్పంటుకుంది, గాలికి కొట్టుకుపోయింది. 1867 నుంచి ఆ కస్టమ్స్ శాఖ కమిషనరుగా ఉన్న అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ ఇలా లాభం లేదని బతికున్న కంచె పెంచడం మీద పడ్డాడు. తర్వాత 1885లో కాంగ్రెసు స్థాపనకు నడుం కట్టిన హ్యూమే ఈయన. ఏ జిల్లా నేలకు ఏది సరిపడుతుందో నాటి చూశాడు, కందకాలు తవ్వించాడు, నేల బాగాలేని చోటికి మంచి మట్టి మోయించాడు. రేగు, తుమ్మ, వాక, నాగజెముడు, జెముడు అన్నీ ఆ కంచెలో ఉన్నాయి. బాగా ఎదిగిన చోట అది పన్నెండు అడుగుల ఎత్తు దాకా ఉండేదట. పేదవాడి ఉప్పు మీద పన్ను కోసం పెంచిన ఆ ముళ్లగోడ 1879 ఏప్రిల్ 1న రద్దయింది. ఎవరూ పట్టించుకోకపోవడంతో కొన్నేళ్లకే ఆనవాలు లేకుండా పోయింది. రాయ్ మాక్సమ్ అనే బ్రిటిష్ రచయిత దాని జాడ వెతుకుతూ తిరిగి 2001లో పుస్తకం రాస్తే తప్ప ఇలాంటిదొకటి ఉండేదని మనకే తెలియలేదు.

ఉద్దేశం ఎంత పాపిష్టిదైనా, హ్యూమ్ చేసిన పనిలో తోటపని చేసేవాళ్లు పట్టుకోవాల్సింది ఒకటుంది. మొక్కను ఎంచుకునే ముందు ఆయన నేలను చూశాడు.

మన నేల, మన మొక్క

నర్సంపేట, దుగ్గొండి, నల్లబెల్లి, చెన్నారావుపేట, ఖానాపురం మండలాల్లో ఒకే ఊళ్లో ఎర్ర చెలకా ఉంటుంది, నల్లరేగడీ ఉంటుంది, చెరువు కింద జిగట నేలా ఉంటుంది. చెలకలో నీళ్లు నిలవవు, రేగడిలో నిలిచిపోతాయి. కాబట్టి పక్క కాలనీలో పెరిగింది మీ ఇంట్లో పెరగాలని లేదు. ఎండాకాలం 44, 45 డిగ్రీలు మామూలైన చోటు ఇది. ఊటీ ఫొటోలు చూసి మొక్కలు తెచ్చుకుంటే జూన్ దాకా మిగలవు.

నా ఓటు మాత్రం వాకకే. వాక్కాయ చెట్టు అంటే పప్పులో వేసుకునే పుల్లటి కాయే గుర్తొస్తుంది గానీ, కంచెకు ఇంతకు మించిన మొక్క మన దగ్గర అరుదు. ఆకు మందంగా, నిగనిగలాడుతూ ఏడాదంతా పచ్చగా ఉంటుంది. రెండుగా చీలిన గట్టి ముళ్లు ఉంటాయి కాబట్టి కుక్కలు, పందులు దూరవు. మొదటి ఏడాది నీళ్లు చూసుకుంటే చాలు, ఆ తర్వాత చెలకలో కూడా తన బతుకు తాను బతుకుతుంది. ఎండాకాలం మొదట్లో మల్లెలాంటి తెల్లపూలు, వానకాలంలో కాయ. పప్పు, పచ్చడి, పులిహోర అన్నిటికీ పనికొస్తుంది. బేకరీ కేకు మీద, మీఠా పాన్‌లో ‘చెర్రీ’ అని మనం తినేది చాలాసార్లు రంగువేసి పాకం పట్టిన వాక్కాయే. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అని మూడు రకాలు కూడా విడుదల చేసింది. కంచె కోసమే అయితే రకంతో పనిలేదు. బాగా పండిన కాయ నుంచి తీసిన గింజను ఆరబెట్టి దాచుకోకుండా వెంటనే కవర్లో పెట్టాలి, ఆలస్యమైతే మొలక తగ్గిపోతుంది. దీనితో ఒకటే కష్టం, నిదానం. చాటు అనదగ్గ కంచె కావాలంటే మూడేళ్లు ఆగాలి. కాయ తెంపితే జిగురు పాలు కారి చేతికి, బట్టలకు అంటుకుంటాయి. నడవడం నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంట్లో ముళ్ల సంగతి కూడా చూసుకోవాలి.

ముళ్లు వద్దనుకుంటే అడ్డసరం. దగ్గుకు కషాయం కాచే ఆకే. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఆకు పెద్దది కాబట్టి చాటు త్వరగా వస్తుంది, చేదుకు మేకలు మూతి పెట్టవు. వీధిలో మేకలు తిరిగే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. కాస్త నీడ ఉన్నా సర్దుకుంటుంది. మందార అందరికీ నచ్చుతుంది, గుబురుగానూ వస్తుంది, కానీ పిండినల్లికి అది పుట్టినిల్లు. ఇంటి పక్కనే పత్తి చేను ఉంటే మందార కంచె పెట్టడం చేనుకు పురుగును మేపి పంపడమే. వేగం కావాలనేవాళ్లకు ఆకుపచ్చ డురాంటా ఉంది. ఏడాదిన్నరలో నిలబడుతుంది. డివైడర్ల మీద కనిపించే పసుపుపచ్చ డురాంటా పొట్టిగా అంచులకు బాగుంటుంది గానీ మనిషెత్తు చాటుకు చాలదు. డురాంటా పసుపు పండ్లు పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. గన్నేరు, పచ్చగన్నేరు సంగతి చెప్పనక్కర్లేదు. చెట్టంతా విషమే, పశువులు తిరిగే చోట అస్సలు వద్దు. మధుకామిని పూస్తే వీధి వీధంతా వాసన. అయితే నిమ్మ, బత్తాయి తోటలను పాడుచేసే సిల్లా పురుగుకు అది ఆశ్రయం, తోటల దగ్గర పెట్టొద్దు. హమేలియాకు ఎర్రటి గొట్టపు పూలు, వాటి కోసం పొద్దున్నే తేనెపిట్టలు.

ఇక గోరింట. పూర్తిగా సతతహరితం అనలేం, ఎండలు ముదిరి నీళ్లు అందకపోతే ఆకు పలచబడుతుంది. కానీ దాన్ని కంచెగా పెంచిన ఇంట్లో ఒక సౌకర్యం ఉంది. తొలకరి పడ్డాక కంచెను గట్టిగా కోయాల్సిన రోజులు, ఆడపిల్లలు గోరింటాకు కోసం గిన్నె పట్టుకుని తిరిగే ఆషాఢం రోజులు ఒకటే. మీరు కోసి పారేయాల్సిన పని ఉండదు, వీధిలో పిల్లలే కోసుకుపోతారు.

చేనుకైతే లెక్క వేరు. అక్కడ చాటు కాదు, అడ్డు కావాలి. సీమచింత గింజలు వరుసగా వేసి ఏటా కొట్టేస్తూ ఉంటే కంచె అవుతుంది. గచ్చపొద పెంచితే మనిషి కాదు కదా, అడవిపంది కూడా ఆలోచిస్తుంది. వెనకటి రోజుల్లో రైలు కట్టల పక్కన బారులు తీరిన కిత్తనార ఇప్పటికీ చెలక గట్లకు మంచిదే. కోతిని ఆపే మొక్క ఏదన్నా ఉందా అని మాత్రం అడగొద్దు. పాకాల అడవి అంచున ఉన్నవాళ్లకు ఆ బాధ ఎంతుందో తెలిసిందే. కోతిని ఆపే కంచె మొక్క లేదు, ఉందని చెప్పి ఎవరన్నా అమ్మితే కొనొద్దు. పండ్లుండే కంచె దాన్ని పిలుస్తుంది కూడా.

కోస్తేనే కంచె

మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు. పెంపకంలో మొదటి రెండేళ్లు చేసే పొరపాటు మాత్రం ఏళ్ల తరబడి కనిపిస్తుంది. నర్సంపేటలోనే కాదు, ఏ ఊరి కంచె చూడండి. పైన పచ్చటి టోపీ, కింద మోకాళ్ల దాకా ఉత్త కట్టెలు. కుక్క దర్జాగా దూరిపోతుంది. యజమాని మాత్రం ఎరువు తక్కువైందని యూరియా చల్లుతుంటాడు. ఎరువు లోపం కాదది, కోత లోపం.

మొక్క కొసన ఆక్సిన్ అనే హార్మోను తయారై కాండం గుండా కిందికి దిగుతుంటుంది. అది దిగుతున్నంత కాలం కింది కణుపుల్లో మొగ్గలు లేవవు. కొస తుంచగానే ఆ అదుపు పోతుంది, ఒక్క కొమ్మ ఉన్నచోట రెండు మూడు పక్క కొమ్మలు వస్తాయి. వాటి కొసలూ తుంచితే అవి మళ్లీ రెట్టింపవుతాయి. దట్టం అంటే ఈ లెక్కే. దీన్ని నేల దగ్గర మొదలుపెట్టాలి. నాలుగడుగులు ఎదిగాక తల కొడితే కొమ్మలు నాలుగో అడుగు దగ్గరే వస్తాయి, కింద రావు.

అందుకే నాటిన మొక్క వేరు పట్టి కొత్త చిగురు వేయగానే, అంటే నెలా నెలన్నరకు, దాన్ని భూమి నుంచి జానెడు ఎత్తుకు కోసేయాలి. పైసలు పెట్టి కొన్న మూడడుగుల మొక్కను అలా కోయడానికి చెయ్యి రాదు. ఇంట్లోవాళ్లు కూడా తిడతారు. ఆ ఒక్కరోజు మనసు గట్టి చేసుకున్నవాళ్లకే కంచె అడుగు నుంచి వస్తుంది. ఆ తర్వాత చిగుళ్లు అర అడుగు పెరిగినప్పుడల్లా సగం తీసేయాలి. పై ఎత్తు ఏడాదికి అడుగు, అడుగున్నర చొప్పునే పెరగనివ్వాలి. ఆరడుగుల కంచె కావాలంటే కనీసం నాలుగేళ్లు పడుతుందన్నమాట. ఆర్నెల్ల కోనోకు, నాలుగేళ్ల వాకకు పోటీ పెడితే మొదటి ఏడాది కోనోదే గెలుపు, అయిదో ఏడాది నుంచి లెక్క మారుతుంది.

రెండో సంగతి ఆకారం. చాలామంది కంచె పక్కలను గోడలా నిటారుగానో, పైన గొడుగులా వెడల్పుగానో కోస్తారు. పై కొమ్మల నీడ పడితే కింది ఆకు రాలిపోతుంది, రాలిన చోట అంత తేలిగ్గా మళ్లీ రాదు. అడుగున మూడడుగుల వెడల్పు ఉంటే పైన రెండు అడుగులకు మించకూడదు. పక్కలు కొంచెం ఏటవాలుగా ఉంటే పాదం దాకా ఎండ తగులుతుంది. ఈ ఒక్క నియమం పాటించిన కంచె ఇరవై ఏళ్లకు కూడా కింద బోడిపడదు.

నాటడానికి గుంతల కంటే కందకం మేలు. అడుగున్నర వెడల్పు, అంతే లోతున పొడవునా తవ్వి, తవ్విన మట్టిలో బాగా చివికిన పెంట, కాస్త వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పెంట వేస్తే చెదలను పిలిచినట్టే. ప్రహరీకి, పైపులకు కనీసం రెండడుగులు వదలాలి, లేకపోతే రేపు కంచె వెనక్కి వెళ్లి కోయడానికి మనిషికి చోటుండదు. నలభై అడుగుల పొడవుకు అడుగున్నర దూరంలో ఒక వరుసకు 27 మొక్కలు పడతాయి. రెండో వరుస వేయదలిస్తే మొదటి వరుస మొక్కల సందుల్లోకి వచ్చేట్టు వేయాలి. పెద్ద మొక్కలు కొంటే త్వరగా వస్తుందనేది భ్రమ. కవర్లో వేర్లు చుట్టుకుపోయిన నాలుగడుగుల మొక్క కంటే అడుగెత్తు పిల్లమొక్క నేలలో తొందరగా కుదురుకుంటుంది, రేటూ తక్కువ. కడియం నర్సరీల లారీ దిగిన మొక్కలనైతే వారం పది రోజులు నీడన ఉంచి, మన ఎండకు అలవాటు చేసి నాటాలి. అదును జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా. నేల రెండు మూడు వానలకు బాగా తడిశాక.

నీళ్లకు మిర్చి రైతుల దగ్గర నేర్చుకోవచ్చు. చేలల్లో వాడే 16 ఎంఎం డ్రిప్ పైపు ఒకటి కంచె పొడవునా పరిస్తే సరిపోతుంది. రోజూ పైపైన చిలకరించే నీళ్లకు వేరు పైనే ఉండిపోతుంది, మేలో అదే మాడిపోతుంది. నాలుగైదు రోజులకొకసారి లోతుగా తడిపితే వేరు లోపలికి దిగుతుంది. రేగడి నేలలో ఇంకా ఆగొచ్చు. ఎండాకాలం పాదుల్లో పల్లి పొట్టో, ఎండుటాకో పరిస్తే తడి నిలుస్తుంది. కాండానికి మాత్రం తగలనీయొద్దు, చెదలు అక్కడినుంచే ఎక్కుతాయి. ఎండలు ముదిరాక కంచె కోయొద్దు. లోపలి లేత బెరడు ఒక్కసారిగా ఎండకు బయటపడి మాడుతుంది.

ఆకు పచ్చదనం పోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మధ్య భాగం పసుపు తిరిగిందంటే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉండే రేగడిలో, ముఖ్యంగా నూరు వరహాలకు, మధుకామినికి ఇది ఎక్కువ. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సున్నం, సిమెంటు రద్దు గోడ పక్కనే కప్పెట్టి, దాని మీదే కంచె నాటడం కూడా ఒక కారణం. ముందు ఆ రద్దును తీయించాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వారం రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. పిండినల్లి కనిపిస్తే ముందు ఆ కొమ్మ కోసి కాల్చేయాలి. మిగిలినదానికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు. యూరియా దండిగా వేసిన కంచెకే ఈ పీడ ఎక్కువ. లేత చిగురు ఎంత మెత్తగా ఉంటే పురుగుకు అంత విందు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానలు వెళ్లాక పెంట వేస్తే చాలు.

ఇప్పటికే అడుగు బోడిపడ్డ పాత కంచె ఉన్నవాళ్లు పీకేయనక్కర్లేదు. తొలకరి పడ్డాక ఒక పక్క కొమ్మలన్నీ మొదలు దాకా కోసి వదిలేయాలి. అది చిగిర్చి నిండాక మరుసటి ఏడాది రెండో పక్క. ఒక్కసారే రెండు వైపులా కోస్తే చాటు పోతుంది, మొక్క కూడా దెబ్బ తింటుంది. వాక, గోరింట, డురాంటా, మందార ఈ దెబ్బకు తట్టుకుని లేస్తాయి. మోర్‌పంఖి లేవదు. ముదురు కట్టె దాకా కోస్తే అంతే సంగతులు.

పాములు, పక్కింటోళ్లు

కంచె అనగానే పెద్దవాళ్లు చెప్పే మొదటి అభ్యంతరం, ‘పురుగూ పుట్రా వస్తది బిడ్డా’. కొట్టిపారేసే మాట కాదది. పొలాలు ఆనుకుని ఉన్న కాలనీల్లో పాములుంటాయి. అయితే పాము వచ్చేది ఆకు కోసం కాదు, ఎలుక కోసం. కంచె మొదట్లో మిగిలిన అన్నం పారబోయడం, పాత రేకులు, ఇటుకలు కుప్పలేయడం, రాలిన ఆకు ఊడ్వకపోవడం, ఇవే ఎలుకను పిలుస్తాయి. పడకగది కిటికీ కింద, మరుగుదొడ్డి తోవలో కంచె పెట్టొద్దు. రాత్రి పూట అటు వెళ్తే లైటు తప్పనిసరి.

ఎత్తు గురించి ఒక మాట. రోడ్డున నడిచే మనిషి చూపును ఆరడుగుల కంచె ఆపుతుంది. ఇంటి ముందు ఆర్టీసీ బస్సు పోయే రోడ్డుంటే అందులో కూర్చున్నవాళ్ల కళ్లు ఏడెనిమిది అడుగుల ఎత్తున ఉంటాయి. పక్కింటోళ్ల మొదటి అంతస్తు కిటికీనైతే ఏ పొదా ఆపలేదు, అక్కడ ఒక చిన్న చెట్టు కావాలి. ఆ పక్కింటోళ్లతోనే నాటేముందు ఒకసారి మాట్లాడుకోవడం మంచిది. హద్దు గీత మీద నాటిన మొక్క మూడేళ్లకు మూడడుగుల వెడల్పవుతుంది, అందులో సగం వాళ్ల జాగాలో ఉంటుంది. ఏపుగా పెరిగిన కంచె కంటే హద్దు తగాదా పీకడం కష్టం. మన జాగాలోకి రెండడుగులు జరిపి నాటుకుంటే ఆ గొడవే ఉండదు.

నేలకు ఏది సరిపోతుందో అనుమానముంటే మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, వెళ్లి అడగొచ్చు. మొక్కల విషయంలో మాత్రం మన పంచాయతీ, మున్సిపల్ నర్సరీల మీదే కొంచెం ఒత్తిడి పెట్టాలి. వచ్చే వానకాలానికి ఏ మొక్కలు పెంచాలో అక్కడ ముందు చలికాలంలోనే తేలిపోతుంది, కవర్లు అప్పుడే నింపుతారు. ఆ సమయంలో వెళ్లి వాక, అడ్డసరం, గోరింట కావాలని చెప్పినవాళ్లు లేక, జూన్‌లో ఏది ఉంటే అది తెచ్చుకోవడం మనకు అలవాటైంది. ఈసారి డిసెంబరులోనే వెళ్లి అడగండి, కాలనీ తరఫున నలుగురు కలిసి వెళ్లండి.